1971 శరణార్థుల శిబిరాల్లో ఓఆర్‌ఎస్: సైన్సు 1960లోనే తెలిస్తే పదకొండేళ్లు ఎందుకు పట్టింది?

సైన్సుక్లబ్బు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. హైస్కూలు సైన్సు క్లబ్బులో ‘దేశాలు తలకిందులైన రోజుల్లో కొత్త సైన్సును ఎలా పనిలో పెట్టారు’ అని ఒక గంట చెప్పాలి. పెన్సిలిన్ అందరూ చెప్పేదే కనక 1971 బంగ్లాదేశ్ యుద్ధాన్ని తీసుకున్నాను: సరిహద్దు దగ్గర పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థుల శిబిరం, కలరా, డాక్టర్ దిలీప్ మహలనబీస్, ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లు (అదే ఓఆర్‌ఎస్). పైపైన చదివితే సినిమా కథలా ఉంది. సెలైన్ సీసాలు అయిపోయాయి, ఆయన ఏవో పొడులు నీళ్లలో కలిపి తాగించారు, జనం బతికారు. ఇంత తేలిగ్గా జరిగి ఉండదని నా అనుమానం.

నాకు తేలనివి ఇవి. పేగులో గ్లూకోజు, సోడియం జంటగా లోపలికి వెళ్తాయని 1960లోనే తెలిసిందంటారు. మరి 1971 దాకా ఎవరూ ఎందుకు వాడలేదు? శిబిరంలో సరిగ్గా ఏం కలిపారు, ఎంతెంత, ఎలా పంచారు? తర్వాత బంగ్లాదేశ్ పల్లెల్లో నేర్పిన ‘చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం’ ఇదేనా, వేరా? పిల్లలు చేతులతో చేసి చూడగలిగిందేదైనా ఉంటే అదీ చెప్పండి.

గత్తర_చరిత్ర

మాస్టారూ, మొదటి ప్రశ్న వరకు నేను చెప్తాను. ‘ఎవరూ వాడలేదు’ అనేది సరి కాదు. వాడారు, ఒకచోట గట్టి దెబ్బ తిన్నారు. ఆలస్యంలో పెద్ద భాగం ఆ దెబ్బదే.

1953లో కలకత్తా డాక్టరు హేమేంద్రనాథ్ చటర్జీ 186 మంది రోగులకు ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లతో వైద్యం చేసి లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. అంతా తేలికపాటి కేసులే. ఎవరు ఎంత తాగారు, ఎంత బయటికి పోయింది అన్న లెక్క ఆ వ్యాసంలో లేదు. లెక్క లేనిదాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పైగా అప్పటికి బలంగా ఉన్న నమ్మకం ఏమిటంటే, కలరా వస్తే పేగు లోపలి పొర ఊడిపోతుందని. పొరే లేకపోతే తాగించిన నీళ్లు ఎక్కడ ఇంకుతాయి? కాబట్టి నోటి ద్వారా వైద్యం అనే ఆలోచనే తప్పన్నారు.

ఆ నమ్మకం 1960లో కూలింది. బ్యాంకాక్‌లో కలరా రోగుల పేగు ముక్కలు తీసి సూక్ష్మదర్శినిలో చూసిన గంగరోసా బృందం పొర చెక్కు చెదరలేదని చూపింది. అదే ఏడాది ప్రాగ్‌లో జరిగిన సమావేశంలో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త మీరన్న జంట రవాణాను ప్రతిపాదించారు. పేగు కణం గోడలో ఉన్న ఒక ప్రోటీను గ్లూకోజును ఒంటరిగా లోపలికి రానివ్వదు. సోడియం తోడుండాలి. ఒక గ్లూకోజు అణువుకు రెండు సోడియం అయాన్లు. వాటి వెంట నీరు వస్తుంది. కలరా విషం చేసేది మరో పని: క్లోరైడ్ బయటికి పోయే తలుపు తెరిచి పెడుతుంది, దాని వెనక నీరంతా కారిపోతుంది. లోపలికి తెచ్చే తలుపు జోలికి అది పోదు. పిల్లలకు చెప్పాల్సిన ముఖ్యమైన విషయం ఇదే. నోటి ద్వారా ఇచ్చే నీళ్లు కారడాన్ని ఆపవు. కారేది కారుతూనే ఉంటుంది, పక్క తలుపులోంచి నింపుతూ ఉంటాం.

ఇక దెబ్బ సంగతి. 1960ల మొదట్లో మనీలాలో అమెరికా నౌకాదళ వైద్యుడు రాబర్ట్ ఫిలిప్స్ గ్లూకోజు కలిపితే కలరా రోగి సోడియాన్ని పీల్చుకుంటాడని చూశారు. తర్వాత ఎక్కువ మంది మీద ప్రయత్నించినప్పుడు ఐదుగురు చనిపోయారు. ఆ ద్రావణం గాఢత ఎక్కువ. రక్తం కంటే చిక్కగా ఉన్న నీళ్లు పేగులో పోస్తే అవి ఒంట్లో నీటినే పేగులోకి లాగుతాయి. ఆ ఫిలిప్సే తర్వాత ఢాకా కలరా పరిశోధనశాల డైరెక్టరయ్యారు. నోటి వైద్యం మాట ఎత్తితే ఆయన ఎంత జాగ్రత్త పడి ఉంటారో ఊహించుకోండి.

1968లో ఢాకాలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ చేసిందాంట్లో కొత్త మందేమీ లేదు, కొత్త కొలత ఉంది. కలరా మంచం అంటే మధ్యలో బెజ్జం ఉన్న మడత మంచం, కింద కొలతగీతలున్న బకెట్టు. బకెట్టులో ఎంత పడితే అంత కొలిచి తిరిగి తాగించారు. 29 మంది రోగుల మీద చేసిన ఆ పరీక్షలో సెలైన్ అవసరం 80 శాతం దాకా తగ్గింది. మనీలా సంగతి వదిలేస్తే, అంతకుముందు విఫలమైన చోట్ల చాలామటుకు ద్రావణం తప్పు కాదు, తాగించింది చాలకపోవడం. నాథనియెల్ పియర్స్ ఉన్న కలకత్తా బృందం కూడా అదే కాలంలో అదే తేల్చింది. మహలనబీస్ ఆ బృందంలో మనిషి. అంటే 1971 వచ్చేసరికి ఆయన చేతిలో ఉన్నది మూడేళ్ల కిందట ఆసుపత్రి వార్డులో తేలిన విషయం, అంతే.

కొలపాత్ర

రెండో ప్రశ్నకు. శిబిరంలో కలిపింది, లీటరు నీటికి:

గ్లూకోజు 22 గ్రా.
ఉప్పు (సోడియం క్లోరైడ్) 3.5 గ్రా.
వంటసోడా (సోడియం బైకార్బొనేట్) 2.5 గ్రా.

22 అనే అంకె చూసి ‘తర్వాతి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో 20 కదా, ఏది తప్పు’ అని అడిగేవాళ్లుంటారు. రెండూ ఒకటే. బజారులో దొరికే గ్లూకోజు పొడిలో ఒక నీటి అణువు అతుక్కుని ఉంటుంది (అణుభారం 198), తడి లేని గ్లూకోజు 180. 22ను 198తో, 20ని 180తో భాగించండి, రెండు చోట్లా లీటరుకు 111 మిల్లీమోల్స్ (అణువుల సంఖ్యను చెప్పే కొలత) వస్తుంది. అదే కొలతలో సోడియం ఉప్పు నుంచి 60, సోడా నుంచి 30, మొత్తం 90. వంటసోడా ఎందుకంటే విరేచనాలతో బైకార్బొనేట్ కూడా పోయి రక్తం ఆమ్లం వైపు జరుగుతుంది, రోగి ఆయాసపడతాడు. పొటాషియం అందులో వేయలేదు. వేసి ఉంటే మేలే, 1975 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో 1.5 గ్రా. పొటాషియం క్లోరైడ్ చేర్చారు. శిబిరంలో మాత్రం ఎక్కడ పడితే అక్కడ దొరికే మూడు పొడులకే కట్టుబడ్డారు. ముడిసరుకు ఖర్చు లీటరుకు 11 పైసలు.

తయారీ ఎలాగంటే, కలకత్తాలో మహలనబీస్ పనిచేసిన జాన్స్ హాప్‌కిన్స్ (అమెరికా విశ్వవిద్యాలయం) పరిశోధన కేంద్రంలో గ్రంథాలయం గదిని ఖాళీ చేసి పొడులు తూచి పాలిథీన్ సంచుల్లో పోశారు. సంచి మూతిని ఇస్త్రీపెట్టెతో అతికించారు, పైన వాడే విధానం రాసిన చీటీ. 4 లీటర్లకొకటి, 16 లీటర్లకొకటి. 16 లీటర్ల సంచి లెక్క వేసుకోండి: గ్లూకోజు 352, ఉప్పు 56, సోడా 40, మొత్తం 448 గ్రాములు. ఒక జీపులో ఎన్ని పడతాయి? అదే 16 లీటర్ల సెలైన్ గాజుసీసాల్లో అయితే నీటి బరువే 16 కిలోలు, గాజు అదనం. మీ పిల్లలతో ఈ తూకం చేయించండి, సైన్సును యుద్ధంలోకి మోసుకెళ్లడమంటే ఏమిటో చేతికి తెలుస్తుంది.

పంచడం: శిబిరంలో నీళ్ల డ్రమ్ములకు కుళాయి పెట్టి అందులో సంచి కలిపారు. రోగి బంధువులు గ్లాసులు, ముంతలు తెచ్చుకుని పట్టుకుపోయి తాగించారు. సెలైన్ ఎక్కించాలంటే నరం దొరకబుచ్చుకోవడం తెలిసినవాళ్లు కావాలి, అలాంటి చేతులు అక్కడ ఒకటీ రెండూ. నేలంతా రోగులు, వాంతులు, విరేచనాలు, వాటిలో మోకాళ్ల మీద కూర్చుని సూది గుచ్చాలి. గ్లాసు పట్టుకోవడానికి తల్లి చాలు. స్పృహ తప్పి, నాడి అందనివాళ్లకు మాత్రం ఉన్న సెలైన్ వాడి, మనిషి తేరుకోగానే గ్లాసుకు మార్చేవారు. ఈ ముక్క కథల్లో జారిపోతుంది, దయచేసి వదలకండి. సెలైన్ బొత్తిగా లేకుండా జరగలేదు, సెలైన్‌ను చావుబతుకుల్లో ఉన్నవాళ్లకు మిగిల్చారు.

పేరు కూడా ఆలోచించి పెట్టిందే. ‘ఉప్పు నీళ్లు’ అంటే ఎవరు నమ్ముతారు? సెలైన్ అంటే అప్పటికే జనానికి గురి. అందుకని దీన్ని ‘నోటి సెలైన్’ అన్నారు. మన ఊళ్లలో ఇప్పటికీ ఆర్‌ఎంపీ దగ్గరికెళ్లి ‘ఒక సీసా ఎక్కించండి’ అని అడిగే అలవాటు చూస్తే ఆ పేరు విలువ తెలుస్తుంది.

వాదులాట

ఒక అభ్యంతరం. యుద్ధమే ఈ వైద్యాన్ని నిరూపించిందన్నట్టు పిల్లలకు చెప్పకండి. 1971 జూన్ చివరి నుంచి ఆగస్టు చివరి దాకా బనగావ్‌లో దాదాపు 3,700 మందికి వైద్యం జరిగింది, మరణాలు 3.6 శాతం. అంతకుముందు శిబిరాల్లో 30 శాతం దాకా పోయేవారన్నది పోలిక. కానీ రోగులను చీటీ తీసినట్టు రెండు గుంపులుగా విడదీసి, ఒకరికి ఇచ్చి ఒకరికి ఇవ్వకుండా చూసిన పరీక్ష కాదిది. ముందు వచ్చినవాళ్లు వేరు, తర్వాత వచ్చినవాళ్లు వేరు. 1973లో మహలనబీస్ వ్యాసం అచ్చయ్యాక కూడా చాలామంది వైద్యులు పెదవి విరిచారు.

నా దృష్టిలో బనగావ్ నిరూపించింది ఒకటే: చదువులేని బంధువు చేతికిచ్చినా ఇది పని చేస్తుంది. ఢాకా వార్డులో గంటగంటకూ బకెట్టు కొలిచే నర్సులున్నారు. ‘బయట ఇది సాధ్యం కాదు, శిక్షణ ఉన్నవాళ్లే ఇవ్వాలి’ అన్నది అప్పటి అభ్యంతరం. మామూలు రోజుల్లో ఆ అభ్యంతరాన్ని దాటి ప్రయత్నించమని ఎవరూ అనుమతి ఇవ్వరు. బనగావ్‌లో అనుమతి అడిగే తీరిక లేదు, వేరే దారీ లేదు. శరణార్థులు కోటి మంది, పైన వానాకాలం. కలిపే విధానం కరపత్రాలుగా వేసి సరిహద్దు వెంట పంచారు, రహస్యంగా నడిచిన బంగ్లాదేశ్ రేడియోలోనూ చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి ధీమాన్ బారువా వచ్చి కళ్లారా చూసి వెళ్లారు. 1978లో ఆ సంస్థ అతిసార నియంత్రణ కార్యక్రమం మొదలైనప్పుడు దాన్ని నడిపింది ఆయనే. వ్యాసం కంటే ఆ చూపు ఎక్కువ పని చేసిందని నా లెక్క.

గత్తర_చరిత్ర

వాదులాట గారూ, పోలిక లోపం గురించి ఒప్పుకుంటాను. ‘వేరే దారి లేదు’ అన్నదాన్ని మాత్రం ఒంటరిగా వదలొద్దు. 1943 బెంగాల్ కరువులోనూ వేరే దారి లేదు, కలరా ఊళ్లను ఊడ్చింది. అప్పుడు జంట రవాణా తెలియదు, కొలత లేదు, 22 గ్రాముల లెక్క లేదు. గతిలేక ఏదో తాగించడం వేరు, 1968 నాటి లెక్క చేతిలో పెట్టుకుని తాగించడం వేరు.

బెల్లంముక్క

మూడో ప్రశ్న: పల్లెల్లో బ్రాక్ (బంగ్లాదేశ్ స్వచ్ఛంద సంస్థ) నేర్పింది వేరే. 1979లో సుల్లా ప్రాంతంలో ప్రయోగం చేసి, 1980 నుంచి పదేళ్లపాటు ఇల్లిల్లూ తిరిగారు, కోటీ ఇరవై లక్షలకు పైగా ఇళ్లు. పొట్లాలు అన్ని పల్లెలకూ చేరవని, కొనలేరని లోబోన్-గుర్ అంటే ఉప్పు, బెల్లం పట్టుకున్నారు. అర సేరు (దాదాపు అర లీటరు) నీళ్లలో మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం. చిటికెడు అంటే మనం కూరలో వేసే చిటికెడు కాదు, మూడు వేళ్లు కలిపి చూపుడువేలి మొదటి గీత దాకా ముంచి తీసింది. బెల్లంలో ఉన్న సుక్రోజు పేగులో గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడుతుంది, గ్లూకోజు సగం సోడియంతో పనికొస్తుంది. పైగా బెల్లంలో కాస్త పొటాషియం ఉంటుంది, పంచదారలో ఉండదు.

ఇబ్బంది కొలతలో వచ్చింది. అర సేరు చూపే గిన్నె ప్రతి ఇంటా ఒకలా లేదు. అందుకని పనివాళ్లు ఆ ఇంటి గిన్నెలోనే తమ కొలతతో నీళ్లు పోసి, నీరు వచ్చిన చోట గీత పెట్టించేవారు. తల్లి చేత కలిపించి, ఆ నీళ్ల నమూనా తీసుకెళ్లి ఉప్పు శాతం చూసేవారు.

జీతం పద్ధతి మాత్రం నాకు అన్నిటికంటే నచ్చుతుంది. నేర్పిన మనిషికి తిరిగిన ఇళ్ల లెక్కన డబ్బు లేదు. కొన్ని వారాల తర్వాత వేరే మనిషి కొన్ని ఇళ్లకు వెళ్లి ఆ తల్లులకు నేర్పిన పది విషయాలు ఎంత గుర్తున్నాయో, ఎంత సరిగ్గా కలుపుతారో చూసి గ్రేడు ఇచ్చేవాడు. జీతం ఆ గ్రేడును బట్టి. దాంతో గుర్తుంచుకోవడం పెరిగింది, కానీ విరేచనాలొచ్చినప్పుడు వాడినవాళ్లు మాత్రం బాగా తక్కువ. ఎందుకని వెతికితే నేర్పేవాళ్లకే నమ్మకం లేదని తేలింది, తమకు జబ్బు చేస్తే మాత్రలు మింగుతున్నారు. అప్పుడు వాళ్లను కూర్చోబెట్టి పేగు ఎలా పని చేస్తుందో మొదటి నుంచి చెప్పారు. రెండో లోపం: తల్లులకే చెప్పి మగవాళ్లను వదిలేశారు. ఇంట్లో మగాడు ‘ఇదేం మందు’ అంటే గ్లాసు పక్కకు పోయేది. తర్వాత సంతల్లో, మసీదుల దగ్గర కూడా చెప్పడం మొదలెట్టాక వాడకం పెరిగింది.

సైన్సుక్లబ్బు

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. కొలపాత్ర గారూ, పిల్లల చేత చేయించడానికి ఒక ప్రయోగం చెప్పండి. ఇప్పటి పొట్లంలో ఏముందో, ఎందుకు మారిందో కూడా.

కొలపాత్ర

ముందు పొట్లం. వంటసోడా, గ్లూకోజు కలిపి తడిగాలిలో ఉంచితే పొడి గట్టిపడి గోధుమరంగుకు తిరుగుతుంది. మన కోస్తాలో ఆగస్టులో ఎలాగుంటుందో ఊహించండి. అందుకే 1984లో సోడా తీసేసి ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రా. పెట్టారు. నిల్వ బాగుంటుంది, ఆమ్లం సమస్యకూ అదే మందు. తర్వాత 2002లో ఉప్పు, గ్లూకోజు తగ్గించారు: ఉప్పు 2.6, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9, మొత్తం 20.5 గ్రా. లీటరుకు. మిల్లీమోల్స్‌లో సోడియం 75, గ్లూకోజు 75, కరిగినవన్నీ కలిపిన గాఢత 311 నుంచి 245కు దిగింది. పిల్లల మామూలు విరేచనాల్లో కలరా అంత ఉప్పు పోదు. పలుచబరిస్తే విరేచనం దాదాపు 20 శాతం, వాంతులు 30 శాతం, సెలైన్ అవసరం మూడోవంతు తగ్గాయని పరీక్షల్లో తేలింది. పెద్దవాళ్ల కలరాలో సోడియం తక్కువవుతుందేమో అన్న బెంగ అప్పుడూ ఉంది, ఇప్పుడూ గమనిస్తుంటారు.

మన దగ్గర రోజూ జరిగే తప్పు: లీటరు పొట్లాన్ని గ్లాసుడు నీళ్లలో కలిపి ఇవ్వడం. 200 మి.లీ.లో కలిపితే అయిదింతల చిక్కన, సోడియం 375, గాఢత 1,225. రక్తంలో సోడియం 140కి అటూ ఇటూ, గాఢత 290 దగ్గర. మనీలాలో జరిగిందే ఇంట్లో జరుగుతుంది, పిల్లవాడికి విరేచనాలు పెరుగుతాయి, మగత వస్తుంది. గ్లాసుకు సరిపడే చిన్న పొట్లాలు వేరే ఉంటాయి, పొట్లం మీద ఎన్ని మిల్లీలీటర్లకో చదివి కలపాలి. పొట్లం సగం వాడి సగం దాచడం కూడా వద్దు, పొడులు అడుగున వేరువేరుగా చేరతాయి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. తీపి పానీయాల డబ్బాల మీద ఓఆర్‌ఎస్ అని అచ్చేసి అమ్మడం మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. సూత్రం ప్రకారం లేని పానీయాల మీద ఆ మాట వాడకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. అయినా కొనేటప్పుడు వెనకవైపు పంచదార ఎంతో చూడండి.

ఇక ప్రయోగం. కావాల్సింది 0.1 గ్రాము చూపే జేబు తూకం, మెత్తని ఉప్పు, రాళ్ల ఉప్పు, పంచదార, చదును చేసిన టీ చెంచా.

పిల్లలు ఒక్కొక్కరు బ్రాక్ పద్ధతిలో మూడు వేళ్లతో మెత్తని ఉప్పు తీసి కాగితం మీద పోయాలి, తూచి బోర్డు మీద రాయాలి. అర లీటరుకు కావాల్సింది గ్రాముంపావు నుంచి గ్రామున్నర దాకా. పిల్లల అంకెలు ఎటుపడితే అటు చెదిరి ఉంటాయి, అదే పాఠం. రెండోసారి చూపుడువేలి గీత గుర్తు పెట్టి చేయించండి, చెదురు తగ్గుతుంది. మూడోసారి రాళ్ల ఉప్పుతో. తర్వాత చెంచాతో: లీటరు నీటికి చదునుగా అర చెంచా ఉప్పు, ఆరు చెంచాల పంచదార. అర చెంచా మూడు గ్రాముల లోపు ఉండాలి. చెంచా గోపురంలా పోస్తే ఎంత పెరుగుతుందో అదీ తూచి చూపండి. చివర్లో రుచి: కన్నీళ్ల కంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపాలి.

ఇంట్లో వాడకం అడిగితే: రెండేళ్ల లోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మి.లీ., రెండు నుంచి పదేళ్ల వాళ్లకు 100 నుంచి 200. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, చెంచాడు చెంచాడు, రెండు మూడు నిమిషాలకోసారి. తల్లిపాలు, అన్నం ఆపకూడదు. ఆరు నెలలు దాటిన పిల్లలకు జింక్ 20 మి.గ్రా. 14 రోజులు, ఆరు నెలల లోపు అయితే 10. కళ్లు లోతుకు పోయి, పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే ముడత రెండు సెకన్లు దాటినా పోకుండా ఉంటే, తాగలేక మత్తుగా ఉంటే గ్లాసు పట్టుకుని కూర్చోవద్దు, వెంటనే ఆసుపత్రికి.

బెల్లంముక్క

ఒకటి కలుపుతాను. బెల్లంతో చేయించేట్లయితే కొత్త బెల్లం మెత్తగా ఉండి గుప్పెట్లో ఎక్కువ కూరుకుంటుంది, పాత గట్టి బెల్లం పొడి చేస్తే తక్కువ పడుతుంది. రెండూ తెచ్చి తూయించండి.